ఆపరేషన్‌తో అయిపోలేదు

ఉద్దానంలో ‘క్రియాటినిన్’ అన్న మాట తెలియని గడప లేదు. అక్షరం ముక్క రాని అవ్వ కూడా పోయినసారి పరీక్షలో ఎంత వచ్చిందో, ఈసారి ఎంత పెరిగిందో చెప్పగలదు. ఆ మాటను మనం పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. ఇళ్లలో మనుషులు మంచాన పడ్డాక నేర్చుకున్నాం. పైకి మనిషి బాగానే తిరుగుతున్నా లోపల అవయవం చడీచప్పుడు లేకుండా చెడిపోవచ్చునని, దాన్ని ముందుగా పట్టి ఇచ్చేది పరీక్ష ఒక్కటేనని కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల వారికి ఇంకొకరు చెప్పనక్కరలేదు.

అంత ఖరీదు పెట్టి నేర్చుకున్న పాఠాన్ని ఇప్పుడు మరో జబ్బు విషయంలో గుర్తుచేసుకోవలసి ఉంది. ఇది పసిపిల్లల కాలేయానికి వచ్చే జబ్బు. వచ్చేది కొద్దిమందికే. అయితే వచ్చిన ఇంటికి అది కొద్ది కష్టం కాదు.

కాలేయంలో పసుపుపచ్చని పైత్యరసం ఊరుతుంది. అది సన్నని నాళం గుండా పేగులోకి దిగి, తిన్న కొవ్వును అరిగించడానికి తోడ్పడుతుంది. బిడ్డ మలానికి రంగు వచ్చేది ఆ రసం వల్లనే. కొందరు బిడ్డలకు పుట్టిన తొలి వారాల్లోనే ఆ నాళం మూసుకుపోతుంది. డాక్టర్లు దీనిని బిలియరీ అట్రీషియా అంటారు. దేశాన్ని బట్టి 5 వేల నుంచి 20 వేల కాన్పులకు ఒక బిడ్డకు వస్తుందని లెక్క. కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిన్నదానివల్ల ఇది రాదు. దిష్టి వల్లనో గ్రహణం వల్లనో రాదు. సాధారణంగా వంశంలో ఒకరి నుంచి ఒకరికి దిగేది కూడా కాదు. కాబట్టి కోడలిని ఆడిపోసుకోవడం మాని, ఆ సమయాన్ని బిడ్డను ఆసుపత్రికి చేర్చడానికి వాడుకోవడం మంచిది.

మురుగు పోయే కాలువ పూడిపోతే పైనున్న చేను ఏమవుతుందో వంశధార కింద సేద్యం చేసే రైతుకు తెలుసు. నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. కాలేయంలోనూ అంతే. దిగువకు పోలేని రసం లోపలే నిలిచి మెత్తని కండను దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న చోట మచ్చ కడుతుంది. మచ్చ మీద మచ్చ పడి కాలేయం రాయిలా గట్టిపడుతుంది. వైద్యం లేకుండా వదిలేస్తే ఈ పిల్లల్లో చాలామందికి రెండేళ్లు నిండడం కష్టం.

దీనికి దారి చూపినవాడు జపాన్‌కు చెందిన సర్జన్ మోరియో కసాయ్. సెండాయ్ నగరంలోని తొహోకు విశ్వవిద్యాలయంలో ఆయన 1955లో తొలిసారి ఈ ఆపరేషన్ చేశారు. పూడిపోయిన నాళాన్ని తీసివేసి, చిన్నపేగు ముక్కను పైకి తెచ్చి నేరుగా కాలేయం అడుగుభాగానికి కలుపుతారు. పాత కాలువ పనికిరాకపోతే పక్కనుంచి కొత్త కాలువ తవ్వినట్లన్నమాట. నేటికీ ప్రపంచమంతటా ఈ బిడ్డలకు మొదట చేసేది ఈ ఆపరేషనే. బిడ్డకు 60 రోజులు నిండకముందే జరిగితే ఫలితం బాగుంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది.

ఇంతవరకూ చాలామంది డాక్టర్లు చెప్పే మాటే. మనం ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి.

కంచిలి దగ్గర ఒక ఊళ్లో ఇలాంటి పాప ఉన్నదనుకుందాం. యాభయ్యో రోజున దూరాన పెద్ద ఊళ్లో ఆపరేషన్ అయింది. మూడు నెలలు తిరిగేసరికి కళ్లలో పసుపు పోయింది. మలానికి రంగు వచ్చింది. పాప నవ్వుతోంది, బోర్లా పడుతోంది. అమ్మమ్మ మొక్కు తీర్చుకుంది. ఇంటిల్లిపాదీ ‘గండం గడిచింది’ అనుకున్నారు. నెలనెలా రమ్మన్న డాక్టరు మాటకు రెండుసార్లు వెళ్లారు. మూడోసారి వరికోతలు వచ్చాయి. నాలుగోసారి డబ్బు లేదు. అయిదోసారికి ‘పిల్ల బాగానే ఉందిగా’ అన్న మాట వచ్చింది. ఫైలు అటక మీదికి పోయింది.

ఈ జబ్బులో ప్రమాదకరమైన మాట అదే. ఆపరేషన్ వల్ల కాలేయం బయటి దారి తెరుచుకుంటుంది. కాలేయం లోపలి సన్నని నాళాల్లో జబ్బు పూర్తిగా చల్లారదు. కళ్లు తెల్లబడిన పిల్లల్లో కూడా చాలామందికి లోపల మచ్చకట్టడం మెల్లమెల్లగా సాగుతూనే ఉంటుంది. ఆపరేషన్ అయిన వారిలో దాదాపు సగం మందికి చిన్నతనంలోనే కాలేయ మార్పిడి అవసరమవుతుంది. మిగిలిన వారిలో కొందరికి పదేళ్లకో, ఇరవై ఏళ్లకో ఆ అవసరం వస్తుంది. సొంత కాలేయంతోనే పెద్దవారై, ఉద్యోగాలు చేసుకుంటూ బతుకుతున్నవారూ ఉన్నారు. ఏ బిడ్డ ఏ దారిన పోతున్నదో ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. పరీక్షలు చెబుతాయి.

మచ్చను చూసేదెలా?

పూర్వం కాలేయంలోకి సూది దింపి చిన్న ముక్క తీసి చూడడమే మార్గం. పసిబిడ్డకు అది మాటిమాటికీ చేసే పని కాదు. ఇప్పుడు నొప్పి లేని పద్ధతులు వచ్చాయి. వాటిలో చాలావరకు మన జిల్లాలో జరగగలిగినవే కావడం గమనార్హం.

మొదటిది తూకం, పొట్ట పరీక్ష. బిడ్డ బరువు పెరుగుతోందా, కాలేయం చేతికి గట్టిగా తగులుతోందా, ఎడమవైపు డొక్క కింద ప్లీహం పెరిగిందా అన్నది అనుభవమున్న డాక్టరు చేతితోనే చెప్పగలరు.

రెండోది రక్తపరీక్ష. బిలిరుబిన్ అన్నది కామెర్ల కొలత. ఆపరేషన్ అయిన మూడు నెలలకు అది డెసిలీటరుకు 2 మిల్లీగ్రాముల లోపునకు దిగితే మంచి సూచన. అల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం అన్నవి కాలేయం తన పని తాను చేస్తున్నదీ లేనిదీ తెలుపుతాయి. ఇక ప్లేట్‌లెట్ల సంగతి డెంగీ జ్వరాల పుణ్యమా అని అందరికీ తెలిసిందే. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. కాలేయం గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తం లోపలికి పోలేక వెనక్కి తన్నుతుంది. ప్లీహం ఉబ్బుతుంది. ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుకుంటుంది. అందువల్ల ఈ బిడ్డకు జ్వరం ఏదీ లేకుండానే ప్లేట్‌లెట్లు ప్రతిసారీ కొంచెం కొంచెం తగ్గుతూ వస్తుంటే లోపల మచ్చ పెరుగుతోందని అనుమానించాలి. ప్లేట్‌లెట్లను, ఏఎస్‌టీ అనే మరో మామూలు పరీక్షను కలిపి డాక్టర్లు ఒక లెక్క వేస్తారు. దాని పేరు ఆప్రి. దీనికి ప్రత్యేకమైన యంత్రం అక్కరలేదు. సాధారణ ప్రయోగశాల, కాగితం, పెన్ను చాలు.

మూడోది పొట్ట స్కానింగ్. కాలేయం అంచులు, ప్లీహం పొడవు, రక్తం ప్రవహించే తీరు, పొట్టలో నీరు చేరిందా అన్నవి ఇందులో కనిపిస్తాయి.

నాలుగోది కాలేయం గట్టిదనాన్నే నేరుగా కొలిచే పరీక్ష. దీనిని ఎలాస్టోగ్రఫీ అంటారు. ఫ్రాన్సులో తయారైన ఫైబ్రోస్కాన్ యంత్రం 2003 నుంచి వాడుకలో ఉంది. పనసకాయను వేళ్లతో తట్టి లేతదో ముదిరిందో చెప్పే ఉద్దానం రైతుకు దీని రహస్యం చెప్పడం తేలిక. యంత్రం చర్మం మీద నుంచి చిన్న తట్టు తడుతుంది. ఆ అల మెత్తని కాలేయంలో నెమ్మదిగా, గట్టిపడినదానిలో వేగంగా పోతుంది. ఆ వేగాన్ని కిలోపాస్కల్ అన్న అంకెగా చూపుతుంది. ఆరోగ్యమైన పిల్లల్లో అది 5కు అటూ ఇటూగా ఉంటుంది. సూది లేదు, కోత లేదు, నొప్పి లేదు. కొద్ది గంటలు ఏమీ పెట్టకుండా తీసుకెళ్లాలి. పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పసిపిల్లలకు వేరే చిన్న ప్రోబ్ కావాలి.

అయితే ఒక్క అంకె చూసి కుంగిపోవద్దు, పొంగిపోనూ వద్దు. జ్వరం ఉన్నప్పుడు, కామెర్లు ఎక్కువగా ఉన్నప్పుడు, తిన్న వెంటనే చేసినప్పుడు ఆ అంకె ఉన్నదానికంటే పెరిగి కనబడవచ్చు. బిడ్డ ఏడ్చి కదిలినా తేడా రావచ్చు. వీలైనంతవరకు ఒకే రకం యంత్రం మీద, ఏడాదికి ఏడాది అంకె ఎటు నడుస్తున్నదో చూడాలి. క్రియాటినిన్ విషయంలో మనం చేస్తున్నది అదే కదా!

మచ్చ ముదిరిందని తోస్తే ఆహారనాళంలో రక్తనాళాలు ఉబ్బాయేమో గొట్టం వేసి చూస్తారు. ఉబ్బిన నాళం నీటి ఒత్తిడికి బలహీనపడిన గట్టు లాంటిది. తెగకముందే కట్టు వేయవచ్చు. తెగితే బిడ్డ రక్తం కక్కుకుంటుంది.

ఈ పరీక్షలు ఎన్నాళ్లకొకసారి అన్నది బిడ్డను బట్టి డాక్టరు చెబుతారు. మామూలుగా మొదటి ఏడాది దగ్గర దగ్గరగా, తర్వాత మూడు నుంచి ఆరు నెలలకొకసారి ఉంటాయి. బాగా ఉన్నా పూర్తిగా మానే రోజంటూ లేదు. అది జీవితాంతం.

ఇంట్లో కనిపెట్టవలసినవి

ఇంట్లో తల్లి కంటికి మించిన యంత్రం లేదు. ఆపరేషన్ అయిన బిడ్డకు జ్వరం వస్తే ‘పళ్లు వస్తున్నాయి, జలుబు చేసింది’ అని సరిపెట్టుకోరాదు. పేగును కాలేయానికి కలిపినందువల్ల పేగులోని క్రిములు పైకి పాకి కాలేయానికి చీము పట్టించే ప్రమాదం ఉంది. ముఖ్యంగా మొదటి రెండేళ్లలో ఇది ఎక్కువ. జ్వరం, మళ్లీ పచ్చబడిన కళ్లు, తెల్లబడిన మలం దీనికి గుర్తులు. మూడూ కలిసి రావాలని లేదు. ఒక్క జ్వరమే కావచ్చు. ఇలా వచ్చిన ప్రతిసారీ కాలేయం మీద కొత్త మచ్చ పడుతుంది. అందుకే జ్వరమాత్ర వేసి రెండు రోజులు చూద్దామనుకోవడం తప్పు. అదే రోజు ఆసుపత్రిలో చేర్చి నరానికి యాంటీబయాటిక్ ఇప్పించాలి.

మలం సున్నంలా, బూడిదలా వస్తే, మూత్రం ముదురు రంగులో గుడ్డకు మరక పెడితే, పొట్ట ఉబ్బితే, మలం తారులా నల్లగా వస్తే, రక్తం కక్కితే, బిడ్డ అదేపనిగా మగతగా ఉంటే ఆగకూడదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు డాక్టరు చెప్పకుండా వేయరాదు. రక్తస్రావం కావచ్చు. పసరు మందులు, వాతలు పెట్టడం సంగతి చెప్పనే అక్కరలేదు. దెబ్బతిన్న కాలేయానికి అవి మరో దెబ్బ.

పైత్యరసం సరిగా దిగని బిడ్డకు మామూలు కొవ్వు సరిగా అరగదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. అందుకే డాక్టర్లు ఆ విటమిన్లు, తేలికగా అరిగే నూనెలు రాసి ఇస్తారు. వాటిని టానిక్కుల కింద లెక్కగట్టి మధ్యలో మానేయడం మంచిది కాదు. కె విటమిన్ కొరవడితే బిడ్డకు తలలో రక్తస్రావం కూడా కావచ్చు.

దారి మధ్యలో

తల్లిదండ్రులు పరీక్షలు మానేస్తే వారిది నిర్లక్ష్యమని తీర్పు చెప్పడం తేలిక. కాని ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండు వందల కిలోమీటర్లు పైనే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై పేర్లు మారుతూ వచ్చిన పథకం పేదవాడి బిడ్డను ఆపరేషన్ బల్ల దాకా చేర్చగలిగింది. 2025 ఆగస్టు 15న మొదలైన ఉచిత బస్సు పథకంతో తల్లికి టికెట్ బాధ తగ్గింది. కాని ఇద్దరికి రెండు రోజుల కూలి పోతుంది. రాత్రి ఆసుపత్రి వరండాలో పడుకోవాలి. ఇంటి దగ్గర మిగతా పిల్లలను ఎవరో చూడాలి. ఇదంతా చేసి వెళితే జరిగేది చాలాసార్లు ఒక రక్తపరీక్ష, ఒక స్కానింగ్. టెక్కలిలోనో పలాసలోనో చేయగలిగిన పరీక్ష కోసం బిడ్డను అంత దూరం తిప్పడం న్యాయం కాదు.

దీనికి వలసలు తోడు. మన జిల్లా కూలీలు హైదరాబాదు, విజయవాడ, చెన్నై నగరాలకు, మత్స్యకారులు గుజరాత్ తీరానికి పోతారు. బిడ్డ వెంట పోతుంది, కాగితాలు పోవు. కొత్త ఊళ్లో కొత్త డాక్టరు కథ మొదటినుంచి వినాలి. ఆడపిల్లయితే ‘ఇంకా ఎంతకని పెడతాం’ అనే గొంతు కొన్ని ఇళ్లలో లేవకపోదు. ఆ గొంతును ఇంటి పెద్దలే అణచాలి.

ఏం చేయాలి?

జిల్లా యంత్రాంగం తలచుకుంటే ఇందులో అసాధ్యమేమీ లేదు. పిల్లలు కొద్దిమందే కనుక ఒక రిజిస్టరు చాలు. ఆపరేషన్ అయి వచ్చిన ప్రతి బిడ్డ పేరు ఆ ఊరి ఆశా కార్యకర్తకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియాలి. రావలసిన నెల రాకపోతే ఇంటికి మనిషి వెళ్లాలి. రక్తపరీక్షలు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చేసి ఫలితాలను ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోనులోనే పంపే ఏర్పాటు జరగాలి. పెద్ద ఊరికి ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళితే సరిపోయేలా ఉండాలి. శ్రీకాకుళం వైద్య కళాశాల ఆసుపత్రిలో పిల్లలకు సరిపడే ప్రోబ్‌తో కాలేయం గట్టిదనాన్ని కొలిచే పరీక్ష అందుబాటులో ఉండాలి. జ్వరంతో వచ్చిన ఇలాంటి బిడ్డను ‘రేపు రండి’ అనకుండా అర్ధరాత్రి అయినా చేర్చుకోవాలని ప్రతి ఆసుపత్రికి లిఖితపూర్వకంగా ఆదేశాలు వెళ్లాలి.

కిడ్నీ రోగుల కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఏళ్ల తరబడి జనం అడిగితే వచ్చినవి అవి. ఈ పసివాళ్లకు జెండా పట్టుకుని రోడ్డెక్కేంత బలగం లేదు. వారి తరఫున అడగవలసింది పంచాయతీలు, ప్రజాప్రతినిధులు, మనమందరమూ.

అసలు ఆపరేషన్ సకాలంలో జరిగితేనే తర్వాతి కాపలాకు అర్థం. తైవాన్‌లో 2004 నుంచి దేశమంతటా ప్రతి తల్లికీ బిడ్డ ఆరోగ్య పుస్తకంలో మలం రంగుల పట్టిక ఇస్తున్నారు. బిడ్డ మలాన్ని ఆ రంగులతో పోల్చి చూడడమే పని. ఆ తర్వాత అక్కడ ముందుగా ఆపరేషన్ అందిన పిల్లల సంఖ్య పెరిగింది. జపాన్ 2012లో అదే పని చేసింది. మన ఆశా కార్యకర్తలు 14, 21, 28, 42 రోజుల్లో బాలింత ఇంటికి ఎలాగూ వెళుతున్నారు. ఆరు వారాలకు టీకా ఎలాగూ వేయిస్తున్నాం. ఆ రోజుల్లో ‘మలం ఏ రంగులో వస్తోంది?’ అన్న ప్రశ్న ఒకటి అడిగితే చాలు. రెండు వారాలు దాటినా కళ్ల పసుపు పోకపోతే ఎండలో పెడుతూ కూర్చోకుండా రక్తపరీక్ష చేయించాలి.

కాలేయ మార్పిడి మాట వినగానే చాలామంది ఆశ వదులుకుంటారు. అది సరికాదు. 1998లో ఢిల్లీలో ఇదే జబ్బున్న ఒక పసివాడికి తండ్రి తన కాలేయంలో కొంత భాగం ఇచ్చాడు. ఆ పిల్లవాడు పెరిగి డాక్టరయ్యాడు. 2024లో హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో మూడేళ్ల బాలుడికి తల్లి కాలేయ భాగాన్ని అమర్చారు. అయితే మార్పిడికి సమయం ఉంటుంది. బిడ్డ ఒంట్లో సత్తువ ఉండగానే, పొట్టలో నీరు నిండకముందే, ఇచ్చేవారిని, డబ్బును, ఆసుపత్రిని చూసుకోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలలను సంపాదించి పెట్టేది ఈ పరీక్షలే. రక్తం కక్కిన రాత్రి పరుగెత్తితే ఆ వ్యవధి ఉండదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే.

ఇలాంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు ఒక మనవి. ఒక నోటు పుస్తకం కొనండి. తేదీ, బరువు, బిలిరుబిన్, ప్లేట్‌లెట్లు, ప్లీహం కొలత, గట్టిదనం అంకె వరుసగా రాయించండి. ఎక్కడికి వలస వెళ్లినా బిడ్డ బట్టల మూటలో అది ఉండాలి. అటక మీద ఫైలు ఉంటే ఇవాళే దించండి. పోయిన నెలలు పోయాయి. మానేసినందుకు డాక్టరు కోప్పడతారని జంకవద్దు. బిడ్డ ఎంత బాగా ఆడుకుంటున్నా సరే, వచ్చే వారం ఒకసారి చూపించండి.